విన్నపం రాసేటప్పుడు మాట ఎంపిక

అర్జీలోనో ఉత్తరంలోనో వినయంగా ఏదైనా కోరాల్సి వస్తే, ముందు క్రియాపదం చూసుకోండి. ‘విన్నపం’లో ‘విను’ ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సంస్కృత ‘విజ్ఞాపనం’ నుంచి వచ్చిన వికృతి. మూలంలో ఉన్నది ‘జ్ఞా’ ధాతువు, అర్థం తెలుసుకోవడం; ‘విజ్ఞాపనం’ అంటే తెలియజేయడం. అందుకే ‘విన్నవిస్తున్నాను’ అంటే తల వంచినట్టు ఉంటుంది గానీ కాళ్ల మీద పడినట్టు ఉండదు. అధికారికి రాసేటప్పుడు ఇదే హాయి.

‘అభ్యర్థన’లో మాత్రం కోరడమే ఉంది. ఓట్ల కోసం నిలబడినవారిని ‘అభ్యర్థి’ అంటాం కదా, అసలర్థం అడుక్కునేవారనే! గెలిచాక వారికి గుర్తుండదు, అది వేరే సంగతి.

‘వేడుకుంటున్నాను’ అచ్చ తెలుగు. కన్నడ ‘బేడు’కు చుట్టం. దాన్ని దేవుడికో, ప్రాణం మీదికొచ్చిన సందర్భానికో దాచుకోండి. సెలవు చీటీలో వాడితే నవ్వుతారు. ‘బతిమాలుతున్నాను’ కాగితం మీద అసలే వద్దు.

‘సవినయంగా విన్నవించుకుంటూ ప్రార్థిస్తున్నాను’ అని మూడూ కలిపితే బరువు పెరగదు, పలచబడుతుంది. ‘సెలవు మంజూరు చేయవలసిందిగా విన్నపం’ చాలు.