తెలుగు వాడుక, 7వ పాఠం: ధిక్కరించడం వేరు, ఉల్లంఘించడం వేరు

పోయిన పాఠంలో 'ధిక్కరించు'తో వాక్యాలు రాయమంటే చాలామంది "హెల్మెట్ లేకుండా వెళ్లి ట్రాఫిక్ రూల్‌ను ధిక్కరించాడు" అన్న ధోరణిలోనే రాశారు. కాబట్టి ఇవాళ్టి 'తిరగబడు' వాయిదా. ముందు ఇది తేలాలి.

ధిక్ అంటే ఛీ. ఎవరి మొహాన ఛీ అన్నామో వాళ్లనే ధిక్కరించినట్టు. రూల్‌కు మొహం ఉండదు. రూల్‌ను, హద్దును, ఒప్పందాన్ని ఉల్లంఘిస్తాం, అంటే దాటతాం. ప్రభుత్వాన్ని, కోర్టును, పెద్దను ధిక్కరిస్తాం. ఆజ్ఞనూ పార్టీ విప్‌నూ ధిక్కరించవచ్చు, వాటి వెనక ఇచ్చినవాళ్లు నిలబడి ఉంటారు గనక.

పైగా తెలిసి చేయాలి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కూడా ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా పాటించకపోతేనే సివిల్ ధిక్కారం అంటుంది. హెల్మెట్ మరిచిపోయిన కుర్రాడు ఎవర్నీ ఛీ అనలేదు. ఎస్సై ఆపి పెట్టుకోమన్నాక, ఆయన కళ్లెదుటే తీసి ట్యాంకు మీద పెట్టాడనుకోండి, అది ధిక్కారం.

1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీ రెండూ చేశాడు: ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించాడు, ప్రభుత్వాన్ని ధిక్కరించాడు. నాకు మాత్రం 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం ఇంకా ఇష్టం. మున్సిపాలిటీ వద్దు, ఆ పన్నులు మోయలేం అంటే సర్కారు వినలేదు. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు ఖాళీ చేసి, మున్సిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఊరు విడిచి వెళ్లడం నేరమేమీ కాదు. ఆ వెళ్లడంలో ఉల్లంఘన లేదు, ధిక్కారం మాత్రం నిండుగా ఉంది.

రాతలో: 'దిక్కారం' కాదు, ధకు ఒత్తు ఉండాలి. ధిక్కారంలో దీర్ఘం, ధిక్కరించులో లేదు. ఇంట్లో పిల్లల సంగతికి నేనైతే ఈ మాటే వాడను, "చెప్పిన మాట వినలేదు" చాలు.

అభ్యాసం: చీరాల-పేరాల కథను పది వాక్యాల్లో రాయండి. 'ధిక్కరించు' ఒక్కసారే రావాలి, 'ఉల్లంఘించు' అసలు రాకూడదు. "పన్నును ధిక్కరించారు" అని రాస్తే దిద్దకుండా వెనక్కి పంపుతాను, పన్ను కట్టడానికి నిరాకరిస్తారు. తర్వాత అదే కథను ఆనాటి ప్రభుత్వ అధికారి మద్రాసుకు పంపే రిపోర్టులాగా మళ్లీ రాయండి. జనం చేసినదానికి ఆయన చేత ఏ క్రియ వాడిస్తారో చూస్తాను.