పెరటి తోట, ఏడాది పనులు – మూడో పాఠం: అదును, పదును

గత రెండు పాఠాల్లో మీ పెరట్లో ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో గీసుకున్నారు. గుప్పెడు మన్నును గాజు సీసాలో నీళ్లతో గిలకొట్టి, ఇసుక ఎంత, బంకమన్ను ఎంత ఉందో పొరలు చూసి రాసుకున్నారు. ఆ రెండు కాగితాలూ ఇవాళ కావాలి, పక్కన పెట్టుకోండి. చోటు సంగతి తేలింది కాబట్టి ఇక కాలం సంగతి చూద్దాం.

ఫలానా నెలలో ఫలానా విత్తనం వేయాలని చెప్పే పట్టికలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటిని పారేయమని అనను. కానీ ఆ పట్టిక ఎవరి నేలను చూసి రాశారో మీకు తెలియదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఎండలు ముదిరే వేళకు దక్షిణాన చలి దిగుతుంది. అంత దూరం ఎందుకు, ఒకే ఇంట్లో మేడ మీది కుండీకీ ప్రహరీ నీడలోని మడికీ మధ్య రెండు మూడు వారాల తేడా ఉంటుంది. విత్తనానికి తేదీలతో పని లేదు. చుట్టూ ఉన్న మన్ను వేడి, అందులోని తడి, మొలిచాక పగటి పొడవు, ఈ మూడింటిని బట్టే అది నడుచుకుంటుంది. ఆ మూడింటినీ చదవడమే ఈ పాఠం.

మొదట నేల వేడి. దీనికి పొడవైన లోహపు కాడ ఉన్న థర్మామీటర్ కావాలి. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 డిగ్రీల కింద ఏమీ చెప్పదు. పొద్దున ఎండ ఎక్కకముందు, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, కాడను మంటిలో 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతుకు గుచ్చి, అంకె కదలడం ఆగేదాకా ఉంచండి. ఒక్క రోజు చూసి నిర్ణయించకూడదు. వరసగా నాలుగైదు రోజులు చూస్తే నేల ఎటు నడుస్తోందో తెలుస్తుంది. గాలి ఒక్క రోజులో వేడెక్కి మర్నాడు చల్లబడగలదు. నేల అంత తొందరగా మారదు. చలి తగ్గిందని మనకు అనిపించిన తర్వాత కూడా మన్ను చాలా రోజులు చల్లగానే ఉంటుంది. తొందరపడి వేసిన విత్తనాలు కుళ్లేది ఆ రోజుల్లోనే.

ఈ అంకె ఎంత తేడా చేస్తుందో టమాటాలో చూడండి. 10 డిగ్రీల నేలలో టమాటా విత్తనం మొలవడానికి 40 రోజులు దాటుతుంది. 15 డిగ్రీల్లో రెండు వారాలు. 25 డిగ్రీల్లో వారం లోపే. నెల రోజులకు పైగా తడి మంటిలో పడి ఉన్న విత్తనాన్ని బూజు వదలదు కదా. బెండ మరీ పట్టుదల గలది: 15 డిగ్రీల దగ్గర మూడు వారాలు దాటినా మొలక కనిపించదు, 30 డిగ్రీల్లో వారంలో పైకి వస్తుంది. చిక్కుడు జాతులు, దోస, సొర, బీర, కాకర, అన్నీ బెండ దారే. వీటికి నేల 20 డిగ్రీలు నిలకడగా దాటేదాకా ఆగండి. బఠాణీ, ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ కుటుంబం అంత వేడి అడగవు. 10 డిగ్రీల నేలలో కూడా నెమ్మదిగా మొలుస్తాయి.

వేడి ఎక్కువైనా ఇబ్బందే. లెట్యూస్ విత్తనం 30 డిగ్రీలు దాటిన మంటిలో మొలవడం మానేసి నిద్రలోకి జారుకుంటుంది. విత్తనం పాడైందని చాలామంది పారేస్తారు, అది పాడైపోలేదు. సాయంత్రం వేళ విత్తి, చల్లని నీళ్లు చిలకరించి, మొలక వచ్చేదాకా పైన తడి గోనె కప్పితే అదే విత్తనం మొలుస్తుంది. మొలక కనిపించిన రోజే గోనె తీసేయాలి.

ఇక పదును. మడిలో అరచేయి లోతు నుంచి గుప్పెడు మన్ను తీసి గట్టిగా పిసకండి. చేయి తెరిచి బొటనవేలితో తట్టండి. ఉండ పొడిపొడిగా విరిగితే నేల పదునులో ఉన్నట్టు, తవ్వవచ్చు. వేలి ముద్ర పడి ఉండ అలాగే మెరుస్తూ నిలిస్తే ఇంకా తడి ఎక్కువ. పిసికినా ఉండ కట్టకుండా జారిపోతే, అది ఇసుక నేల కాకపోతే, తడి చాలనట్టు. తడి ఎక్కువైన బంకమంటిలో పార పెట్టడం నాకు తెలిసిన తొందరపాటు పనులన్నిటిలోకీ చెడ్డది. మంటి రేణువుల మధ్య గాలి నిలిచే సందులు నలిగి మూసుకుపోతాయి, ఎండాక గడ్డలు రాళ్లవుతాయి, ఆ దెబ్బ ఒక కాలమంతా పోదు. వాన వెలిసిన మర్నాడే మడిలోకి దిగాలని చేతులు ఉవ్విళ్లూరతాయి. ఆగండి. మడిలో నడవడం కూడా వద్దు.

ఈ రెండు పరీక్షలూ చేతికి అలవాటైతే అసలు విషయానికి రావచ్చు. ఒక కాలానికి చెందిన పనిని ఆ కాలం వచ్చాక మొదలుపెడితే తోట ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. కాబట్టి పనిని కాలానికి ముందు పెట్టాలి, అందుకు వెనక్కి లెక్కపెట్టడం నేర్చుకోవాలి.

టమాటాతోనే లెక్క వేద్దాం. పగలు 32 నుంచి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 డిగ్రీల కిందికి దిగని రోజుల్లో టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. పూత నిండుగా వస్తుంది, రాలిపోతుంది. ఎరువు చాలలేదేమోనని ఇంకా వేస్తారు, ఆకు పెరుగుతుందే తప్ప పిందె నిలవదు. అంటే మీ ఇంటి దగ్గర రాత్రులు అలా ఉక్కపోతగా మారే వారం ఏదో తెలిస్తే, అక్కడి నుంచి వెనక్కి రావాలి. పిందెలు కట్టడానికి తీరుబడిగా 6 వారాలు కావాలి. నాటిన నారు పూతకు రావడానికి 4 వారాలు. నారుమడిలో 5 వారాలు. మొత్తం 15 వారాలు. ఉక్క రాత్రులకు 15 వారాల ముందు విత్తనం మంటిలో పడాలి. అప్పటికి నేల ఇంకా చల్లగా ఉంటే నారుకుండీని ఇంట్లో వెచ్చని కిటికీ పక్కన పెట్టి మొలిపించాలి, మొలకెత్తగానే వెలుతురులోకి మార్చాలి. ఈ లెక్క చేయని తోటలో టమాటా మొక్క ఎంత బలంగా ఉన్నా కాపు దక్కదు, నన్ను అడిగితే కొత్తవాళ్ల నిరాశకు పెద్ద కారణం ఇదే.

మిగతా వాటికీ ఇదే పద్ధతి. మిరప, వంగ నారుకు 6 నుంచి 8 వారాలు పట్టుకోండి. ఉల్లి నారుకు 8 వారాల దాకా. దోస, సొర లాంటి తీగజాతులకు వేళ్లు కదిలితే నచ్చదు. నేరుగా పాదులో విత్తడమే మేలు, కుండీలో మొలిపిస్తే రెండు మూడు వారాల్లో మంటి ముద్దతో సహా మార్చేయాలి. నారును నీడ నుంచి ఒక్కసారిగా ఎండలోకి తేకూడదు. వారం పది రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం ఎక్కువసేపు బయట ఉంచాలి. ఈ రోజులను కూడా లెక్కలో కలుపుకోండి, చాలామంది మరిచిపోతారు.

ఇప్పుడు ఏడాది చుట్టూ ఒకసారి తిరిగి రండి.

ఎండలు ముదిరే ముందు చేయాల్సిన పని నేలను కప్పడం. ఎండుటాకులు, గడ్డి, చిన్నగా నరికిన కొమ్మలు, ఏవైనా సరే 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరవండి. ముందు మడిని లోతుగా తడిపి ఆ తర్వాతే కప్పాలి. పొడి నేలను కప్పితే పొడినే దాచినట్టవుతుంది. కాండం చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి, లేకపోతే తడి తగిలి మొదలు కుళ్లుతుంది. చలి దేశాల్లో ఉన్నవారు దీన్ని మరీ ముందుగా చేయవద్దు. చల్లని నేలను కప్పితే ఆ చలి కూడా అలాగే ఉండిపోతుంది. థర్మామీటర్ 20 చూపించాక కప్పండి. కుండీల సంగతి వేరు. నల్లని కుండీలో ఎండ తగిలే వైపు మన్ను 40 డిగ్రీలు దాటడం మామూలే, అటువైపు వేళ్లు మాడిపోతాయి. కుండీలను దగ్గర దగ్గరగా చేర్చి, ఎండ పడే వైపు ఒక పలకో ఖాళీ కుండీయో అడ్డం పెడితే చాలా మటుకు కాపాడవచ్చు.

నీళ్ల కొలత కూడా ఇప్పుడే నేర్చుకోండి. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు. కూరగాయల మడికి సుమారుగా వారానికి 25 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు కావాలి. తీవ్రమైన ఎండల్లో ఇంకా ఎక్కువ. నిటారు అంచులున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి వాన పడ్డాక స్కేలుతో కొలవండి. లోటు ఎంతో తెలుస్తుంది, ఆ లోటే పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే తిరుగుతాయి. వారానికి రెండు మూడు సార్లు లోతుగా పోస్తే కిందికి దిగుతాయి. ఇసుక నేలైతే అదే నీటిని ఎక్కువ సార్లుగా పంచి పోయాలి.

వానలకు ముందు చేసే పని నీటికి దారి చూపడం. బంకనేల ఉన్నవారు మడులను చుట్టూ దారి కంటే జానెడు ఎత్తుకు లేపండి. కుండీల అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి, కింద పళ్లేలుంటే తీసేయండి. నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందదు, అప్పుడు తడి మంటిలోనే మొక్క వాడిపోతుంది. వాడిందని ఇంకా నీళ్లు పోస్తే అంతే సంగతులు. పందిళ్లు, ఊతకర్రలు గాలివాన రాకముందే పాతాలి, తర్వాత పాతితే ఎదిగిన వేళ్లను చీల్చుకుంటూ దిగుతాయి. నేల నుంచి జానెడు ఎత్తు దాకా ఉన్న టమాటా ఆకులు గిల్లేయండి. మంటిలోని తెగుళ్ల బీజాలు వాన చినుకుల తుంపరతోనే ఎగిరి ఆ ఆకులకు అంటుకుంటాయి. నారుమడిలో విత్తనం ఒత్తుగా పోయకండి. ఒత్తు, తడి, గాలి ఆడకపోవడం కలిస్తే మొలకలు మొదలు దగ్గర సన్నబడి ఒక్క రాత్రిలో పడిపోతాయి.

వానలు వెనకబట్టాక నేల అలిసి ఉంటుంది. నత్రజని నీటితో పాటు కిందికి ఇంకిపోతుంది కనుక ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి. అప్పుడు మాగిన కంపోస్టును రెండు వేళ్ల మందాన వేసి పైపైన కలపండి. పెద్ద వానకు ముందు ఎరువు వేయడం నీళ్లపాలు చేయడమే. పైన గట్టిపడిన పెచ్చును గొప్పుతో పగలగొడితే గాలి ఆడుతుంది, మొలుస్తున్న కలుపూ పోతుంది. ఈ వారాల్లో వేలెడంత ఉండగా తీసిన కలుపు, తర్వాత తీయాల్సిన గంపలను తప్పిస్తుంది.

చల్లని కాలానికి ముందు పగటి పొడవు చూడాలి. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాది పొడవునా దాదాపు 12 గంటలే. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర 9 గంటల పైచిలుకు నుంచి 15 గంటల దాకా మారుతుంది. ఉల్లి గడ్డ కట్టడం ఈ అంకె మీద ఆధారపడి ఉంటుంది. పొట్టి పగటి రకాలు 10 నుంచి 12 గంటల పగలుకే గడ్డ కడతాయి, పొడుగు పగటి రకాలకు 14 గంటలు దాటాలి. రెండో రకాన్ని తెచ్చి భూమధ్యరేఖకు దగ్గరగా వేస్తే ఎన్నాళ్లు చూసినా కాడలే మిగులుతాయి, కాబట్టి పొట్లం మీద రకం చదవకుండా ఉల్లి విత్తనం కొనకండి. చామంతికి రాత్రి పొడుగ్గా ఉండాలి. రాత్రంతా దీపం వెలుగు పడే చోట పెడితే మొగ్గ తొడగదు. కుండీని చీకటి మూలకు మార్చి చూడండి. కొత్తిమీరకు పగలు పెరిగి, వేడి కూడా తోడైతే ఆకు వదిలి పూతకు పోతుంది. దాన్ని ఆపలేం; పగళ్లు కురచగా ఉన్నప్పుడే పది పదిహేను రోజులకొకసారి కొద్దికొద్దిగా విత్తుకోవడమే దారి.

కొమ్మల కత్తిరింపు గురించి ప్రత్యేకంగా ఒక పాఠం వస్తుంది. అప్పటిదాకా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: కొత్త చిగురు మీద పూసే మొక్కను చిగురు రాకముందు కత్తిరించాలి, పాత కొమ్మ మీద పూసేదాన్ని పూత అయిపోగానే కత్తిరించాలి. మీ మొక్క ఏ రకమో తెలియకపోతే ఈ ఏడాది కత్తెర పెట్టకుండా, పువ్వు ఎక్కడ పూస్తుందో చూసి రాసుకోండి.

ఈ పాఠానికి అభ్యాసం. నోటుపుస్తకంలో రెండు పేజీలు తీసుకోండి. మొదటి పేజీలో వచ్చే 10 రోజుల నేల వేడి రాయండి: ఎండ మడి, నీడ మడి, ఒక కుండీ, మూడు గడులు. పక్కనే పిడికిలి పరీక్ష ఫలితం కూడా. రెండో పేజీలో మీకు బాగా ఇష్టమైన ఒకే ఒక్క కూరగాయను ఎంచుకోండి. దానికి సరిపడని కాలం మీ దగ్గర ఏ వారంలో మొదలవుతుందో ఇంట్లో పెద్దవాళ్లనో, పక్కింటి తోటవాళ్లనో అడిగి రాసుకుని, టమాటాకు చేసినట్టే వారాలు వెనక్కి లెక్కపెట్టండి. వచ్చిన వారం ఇప్పటికే దాటిపోయి ఉంటే ఆ కూరగాయను ఈసారికి వదిలి, అదే లెక్కతో వచ్చే కాలానికి సరిపడేది ఎంచుకోండి.

నాలుగో పాఠంలో నారు పోస్తాం. దానికి అడుగున రంధ్రాలున్న వెడల్పాటి పళ్లెం ఒకటి, జల్లించిన కంపోస్టు, సన్న ఇసుక, మీరు లెక్కపెట్టి ఎంచుకున్న విత్తనం సిద్ధం చేసుకోండి. విత్తనాలు పాతవైతే పదింటిని తడి గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచి, ఎన్ని మొలిచాయో చూసి రండి. ఐదు కంటే తక్కువ మొలిస్తే కొత్తవి తెచ్చుకోవాలి.