గోదావరి ఉపనదుల పటం: సంగమం దగ్గర మొదలుపెట్టి వెనక్కి గీయండి

విశాఖ ద్వారకానగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ల నోట్సు తిరగేస్తే ఉపనదులు రెండు వరసల్లో ఉంటాయి: ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు. బట్టీ పట్టినది నెల తిరిగేసరికి తారుమారవుతుంది. చేత్తో ఒకసారి పటం గీస్తే మంజీర ఎటువైపో మళ్లీ తడుముకోనక్కర్లేదు.

ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, డిగ్రీకి 2.5 సెం.మీ. చొప్పున పెన్సిల్‌తో గళ్లు గీయండి. తూర్పు రేఖాంశం 73 నుంచి 83.5 దాకా, ఉత్తర అక్షాంశం 16 నుంచి 23 దాకా సరిపోతుంది.

ముందు ప్రధాన నది. ఈ చుక్కలు పెట్టండి (అక్షాంశం, రేఖాంశం, సుమారుగా):

త్ర్యంబకం 19.9, 73.5
పైఠాన్ 19.5, 75.4
నాందేడ్ 19.15, 77.3
కందకుర్తి 18.8, 77.9
కాళేశ్వరం 18.8, 79.9
భద్రాచలం 17.7, 80.9
కూనవరం 17.6, 81.25
రాజమహేంద్రవరం 17.0, 81.8

కందకుర్తి, కాళేశ్వరం ఒకే అక్షాంశం మీద ఉన్నాయని మధ్యలో స్కేలు పెట్టి గీత లాగొద్దు. నిర్మల్ వైపు నది కాస్త పైకి ఉబ్బుతుంది.

ఇక ఉపనదులు. పుట్టిన చోట మొదలుపెడితే గీత వచ్చి ఎక్కడో ఒకచోట గోదావరికి తగులుతుంది, సంగమం తప్పుతుంది. అందుకే కలిసే చోటు నుంచి వెనక్కి వెళ్లండి.

కందకుర్తి నుంచి మంజీరను కిందికి, సంగారెడ్డి దాకా దింపి, అక్కడ వాయవ్యానికి తిప్పి బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలకు చేర్చండి. ఈ మలుపు వదిలేసేవాళ్లే ఎక్కువ.

కాళేశ్వరం నుంచి ప్రాణహితను పైకి గీయండి. ఆ పేరుతో పారేది సుమారు 113 కి.మీ. మాత్రమే. ఆ పైన రెండు కొమ్ములు: పడమర వార్ధా, తూర్పున వైన్‌గంగ. పెన్‌గంగను వార్ధాలోనే కలపాలి, నేరుగా గోదావరికి కలిపితే తప్పు. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ప్రాణహితదే. కాబట్టి ‘అతి పెద్ద ఉపనది’ అంటే ప్రాణహిత, ‘అతి పొడవైనది’ అంటే మంజీర. ప్రశ్నలో ఏ మాట వాడారో చూసుకోండి.

ఇంద్రావతి 18.7, 80.3 దగ్గర కలుస్తుంది. వెనక్కి వెళ్తే చిత్రకూట్ జలపాతం, జగదల్‌పూర్, చివర కలహండి.

చివరిది మన ఇంటి నది. కూనవరం నుంచి శబరిని మోటు అనే ఊరి దాకా గీసి అక్కడ చీల్చండి. ఒక పాయ కోరాపుట్‌కి వెళ్తుంది, అక్కడ దాని పేరు కొలాబ్. రెండోది సీలేరు. బలిమెల దాటి పైకి వెళ్తే అదే మాచ్‌ఖండ్. డుడుమ, జలాపుట్ మీదుగా దాన్ని మళ్లీ కిందికి వంచి మాడుగుల కొండలకు తేవాలి. మాచ్‌ఖండ్ ముందు ఉత్తరానికి పారి, తర్వాత నైరుతికి తిరుగుతుంది. పటం మీద అది జడపిన్నులా కనబడకపోతే ఎక్కడో తప్పు చేసినట్టే.

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనిని ఇందులో కలపకండి. అది బొర్రా, తాటిపూడి మీదుగా భీమిలి దగ్గర నేరుగా సముద్రంలో పడుతుంది.

ఒడ్డు గుర్తించేటప్పుడు నీరు పారే దిక్కుకి ముఖం పెట్టి ఎడమ చెయ్యి చాపండి. పైఠాన్ దగ్గర ఎడమ అంటే ఉత్తరం, భద్రాచలం దిగువన ఇంచుమించు ఈశాన్యం. శబరి ఎడమ ఒడ్డుదే.