కొరియా ఇంటి భోజనం, కొరియా కళ: రెండింటినీ ఒకే బల్ల మీదికి తెచ్చుకునే పద్ధతి

కొరియా కళతో పరిచయం మ్యూజియంలో కన్నా వంటింట్లో మొదలుకావడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. 1392 నుంచి 1910 వరకు సాగిన చోసొన్ రాజ్యకాలపు తెల్లపింగాణీ గిన్నెలు, కంచు పాత్రలు, పొట్టి భోజనపు బల్లలు, అతుకుల గుడ్డలు ఈనాడు అద్దాల పెట్టెల్లో ఉన్నాయి కానీ, వాటిలో చాలా వాటిని చేసినవారు వడ్డించడానికీ, నిల్వచేయడానికీ, కప్పిపెట్టడానికీ చేశారు. ఆ గిన్నెలో ఏది వడ్డించేవారో, ఎంత వడ్డించేవారో స్వయంగా వండి తెలుసుకున్నవారికి దాని లోతు, అంచు, రంగు ఎందుకలా ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈ వ్యాసంలో ముందు వంట, తరువాత పాత్ర, ఆ తరువాత బొమ్మ, చివర గుడ్డ అన్న వరుసను పాటించాను.

భోజనం అమరిక

కొరియా ఇంటి భోజనానికి పునాది మూడు: బాప్ అనే అన్నం, గుక్ అనే సూప్, కిమ్‌చీ. వీటి చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో అమర్చే పక్క వంటకాలను బంచన్ అంటారు. సంప్రదాయ లెక్కలో అన్నం, సూప్, కిమ్‌చీ, నంజుకునే సాస్‌లు లెక్కకు రావు. మిగిలిన వంటకాల సంఖ్యను బట్టి మూడు చొప్, ఐదు చొప్, ఏడు చొప్ భోజనమని చెబుతారు. రాజుగారి భోజనానికి 12 చొప్ ఉండేవి. రోజువారీ వంటకు మూడు చాలు, అంతకు మించి పెట్టుకుంటే వారం తిరగకుండానే విసుగు పుడుతుంది. సంఖ్య కన్నా ముఖ్యమైనది, ఆ మూడూ మూడు పద్ధతుల్లో చేసినవై ఉండడం: ఒకటి ఉడికించి కలిపిన ఆకుకూర, ఒకటి కాల్చినది లేదా సాస్‌లో ఉడికించినది, ఒకటి ఊరబెట్టినది లేదా ఎండబెట్టినది. ఇలా ఎంచుకుంటే రుచి, రంగు, నమిలేటప్పటి తీరు వాటంతట అవే వేరువేరుగా అమరుతాయి.

తినేవారికి ఎడమవైపు అన్నం, కుడివైపు సూప్, ఇంకా కుడికి చెంచా, చాప్‌స్టిక్‌లు ఉంచాలి. అన్నం, సూప్ చెంచాతో తింటారు. బంచన్‌ను చాప్‌స్టిక్‌లతో తీసుకుంటారు. గిన్నెను చేతిలోకి ఎత్తరు. ఇంట్లో పెద్దవారు చెంచా పట్టుకున్న తరువాతే మిగిలినవారు మొదలుపెడతారు. చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది పితృకర్మల్లో నైవేద్యం పెట్టే తీరును గుర్తుచేస్తుంది.

మూడు సాస్‌లు, ఒక నూనె, ఒక కారప్పొడి

కొరియా వంటకు కావలసిన సరుకుల పట్టిక నిజానికి చాలా చిన్నది. గంజాంగ్ అనే సోయా సాస్, దోయెన్‌జాంగ్ అనే పులిసిన సోయా ముద్ద, గోచుజాంగ్ అనే మిరప ముద్ద, వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె, గోచుగారు అనే కారప్పొడి ఉంటే సగం వంట చేతిలో ఉన్నట్టే. మొదటి రెండింటి పుట్టుక ఒకటే. ఉడికించి దంచిన సోయా గింజలను ఇటుకల్లా చేసి ఆరబెట్టి, బూజు పట్టించి, మెజు అనే ఆ దిమ్మెలను ఉప్పునీటి జాడీలో ఎండు మిరపకాయలు, బొగ్గు ముక్కలతో సహా వేస్తారు. సుమారు నలభై నుంచి అరవై రోజుల తరువాత ద్రవాన్ని వడగట్టి గంజాంగ్‌గా, మిగిలిన ముద్దను దోయెన్‌జాంగ్‌గా విడివిడిగా మాగబెడతారు. దక్షిణ కొరియాలోని ఈ జాంగ్ తయారీ విద్యను యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కొనేటప్పుడు ఒక తేడా గమనించండి. గుక్ గంజాంగ్ రంగు పలుచగా, ఉప్పు ఎక్కువగా ఉంటుంది. సూప్‌కూ ఆకుకూరలకూ అదే వాడాలి. మామూలు ముదురు గంజాంగ్ వేయించడానికి, సాస్‌లో ఉడికించడానికి తగినది. ఒకదాని బదులు మరొకటి వాడితే సూప్ నల్లబడి తీపెక్కుతుంది. గోచుగారులో కూడా ముతకది కిమ్‌చీకి, మెత్తనిది గోచుజాంగ్‌కు.

మొదటి వారం వండవలసినవి

పొట్టి గింజ బియ్యాన్ని నీళ్లు దాదాపు తేటపడేవరకు కడిగి అరగంట నానబెట్టి, నానిన బియ్యానికి సమానంగా నీళ్లు పోసి, పెద్ద మంట మీద పొంగు రాగానే తగ్గించి పన్నెండు నిమిషాలు ఉడకనిచ్చి, మంట ఆపాక మూత తీయకుండా మరో పది నిమిషాలు ఉంచండి. రెండోసారి కడిగిన బియ్యపు నీళ్లను పారబోయకండి, దోయెన్‌జాంగ్ చిగే అనే చిక్కని సూప్‌కు అవే ఆధారం.

ఆ నీళ్లు మూడు కప్పులు తీసుకుని, తల, పొట్టలోని నల్లని భాగం తీసేసిన ఎండు నెత్తళ్ళు ఎనిమిది, అరచేయంత దాషిమా అనే ఎండు సముద్రపు నాచు వేసి మరిగించాలి. నీళ్లు మరగగానే నాచును తీసేయాలి, ఉంచితే జిగురు వస్తుంది. నెత్తళ్ళను మరో పది నిమిషాలు ఉంచి తీసి, రెండు చెంచాల దోయెన్‌జాంగ్ కరిగించి, ముందు బంగాళదుంప ముక్కలు, అవి సగం ఉడికాక లేత గుమ్మడి, ఉల్లి, చివరి రెండు నిమిషాల్లో టోఫు, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయాలి. చేప తినని వారు నాచుతో పాటు ఎండు షిటాకే పుట్టగొడుగులు వేసుకుంటే రుచికి లోటు ఉండదు.

పాలకూర నముల్, అంటే ఉడికించి కలిపిన కూర, ఇంకా సులభం, అయితే చేతి ఒడుపు అంతా అందులోనే తెలుస్తుంది. ఉప్పు వేసిన మరిగే నీటిలో ఆకును అర నిమిషం మాత్రమే ముంచి, వెంటనే చల్లని నీటిలో వేసి, ఆకు నలగకుండా నీరు పిండి, ఒక చిన్న చెంచా గుక్ గంజాంగ్, కొంచెం నూరిన వెల్లుల్లి, నువ్వుల నూనె, వేయించిన నువ్వులు వేసి వేళ్లతో విడదీస్తూ కలపాలి. గరిటెతో కలిపితే ఉండ కడుతుంది. సోయా మొలకల నముల్‌కు నియమం వేరు: ఉడికేటప్పుడు మూత మొదటి నుంచి మూసే ఉంచాలి లేదా మొదటి నుంచి తెరిచే ఉంచాలి, మధ్యలో తీస్తే పచ్చి గింజ వాసన నిలిచిపోతుందని కొరియా ఇళ్లలో ప్రతి పిల్లకూ చెబుతారు.

కిమ్‌చీకి ఒక రోజు కేటాయించండి

కిమ్‌చీని కొనుక్కోవచ్చు, అందులో తప్పులేదు. అయినా ఏడాదికి ఒక్కసారైనా ఇంట్లో పెట్టమనే చెబుతాను. చలికాలానికి ముందు, నవంబరు చివర, డిసెంబరు మొదట్లో బంధువులూ ఇరుగుపొరుగూ కలిసి పెద్ద ఎత్తున కిమ్‌చీ పెట్టి పంచుకునే కిమ్‌జాంగ్ ఆచారం 2013లో దక్షిణ కొరియా తరఫున, 2015లో ఉత్తర కొరియా తరఫున యునెస్కో జాబితాకెక్కింది. ఒక్కరే చేయడానికి పుట్టిన పని కాదది. ఇద్దరు ముగ్గురిని పిలవండి.

రెండు కిలోల నాపా క్యాబేజీకి మొదలు దగ్గర మాత్రమే కత్తి గాటు పెట్టి, మిగిలినదాన్ని చేత్తో చీల్చాలి. అప్పుడు లేత ఆకులు ముక్కలై రాలిపోవు. రెండు వందల గ్రాముల ముతక సముద్రపు ఉప్పులో సగాన్ని నీటిలో కరిగించి ఆకులను ముంచి, మిగతా సగాన్ని మందమైన తెల్లని కాడల మధ్య చల్లి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేయాలి. కాడను వంచితే విరగకుండా వంగిందంటే ఉప్పు పట్టినట్టే. మూడుసార్లు కడిగి, బోర్లించి గంటసేపైనా నీరు కారనివ్వాలి. తొందరపడేది ఇక్కడే, నీరు మిగిలితే కారం జారిపోయి, కిమ్‌చీ పలుచబడుతుంది.

జిగురు బియ్యప్పిండితో పలుచని గంజి కాచి చల్లార్చి, అందులో ఒక కప్పు గోచుగారు, పది వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క నూరి వేసి, ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు, చేప సాస్, సన్నగా తరిగిన ముల్లంగి, ఉల్లికాడలు కలపాలి. ఈ ముద్దను ప్రతి ఆకుకూ పలుచగా పట్టించి, బయటి ఆకుతో చుట్టి, గాలి లేకుండా జాడీలో అదిమి, పైన ఐదో వంతు ఖాళీ వదలాలి, ఎందుకంటే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పని మొదలుపెట్టగానే వాయువు పుట్టి రసం పైకి పొంగుతుంది. వేడిగా ఉంటే ఒక రోజు, చల్లగా ఉంటే రెండు రోజులు బయట ఉంచి, పుల్లని వాసన రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు వారాలకు తినడానికి మంచి దశకు వస్తుంది. నెలలు గడిచి బాగా పులిసినదాన్ని చిగేకూ, వేయించిన అన్నానికీ ఉంచుకోవాలి.

కొరియా బౌద్ధాలయాల వంటలో చేప, మాంసంతో పాటు వెల్లుల్లి, ఉల్లి జాతి ఘాటైన దుంపలనూ వాడరు. అక్కడి కిమ్‌చీకి గంజాంగ్, పుట్టగొడుగు రసం, కొరియా బేరిపండు (పియర్) రుచినిస్తాయి. శాకాహారులకు ఇది రాజీ వంటకం కాదు, దానంతట అదే పూర్తి సంప్రదాయం.

ఏ గిన్నెలో, ఎంత

ఇప్పుడు పాత్రల సంగతి. జత గిన్నెల సెట్టు కొనవద్దు. ఒక తెల్లని అన్నం గిన్నె, దానికన్నా కొంచెం వెడల్పైన సూప్ గిన్నె, రంగుల్లో తేడా ఉన్న మూడు చిన్న పళ్ళేలు చాలు. 15, 16 శతాబ్దాల బున్‌చోంగ్ పాత్రల మీద బూడిదరంగు మట్టిపై కుంచెతో తెల్లమట్టి పూసిన గీతలు అలాగే కనిపిస్తాయి. ఆ శైలిలో ఈనాటికీ ఇచోన్, యోజు పట్టణాల కుమ్మరులు పళ్ళేలు చేస్తున్నారు. అలాంటి పళ్ళెంలో ఆకుపచ్చని నముల్‌ను పూర్తిగా పరచకుండా మధ్యలో చిన్న కుప్పగా పెట్టి చూడండి. పళ్ళెంలో మూడో వంతైనా ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోనే కుంచె గీత కనిపిస్తుంది.

కంచు పాత్రలు కొనగలిగితే అంతకన్నా మంచి పెట్టుబడి లేదు. రాగి 78 పాళ్ళు, తగరం 22 పాళ్ళు కలిపి కరిగించి, సుత్తితో కొట్టి చేసే బాంగ్‌జ్జా యూగీ వేడిని ఎక్కువసేపు నిలుపుతుంది. పాతకాలపు సంపన్న ఇళ్లలో చుసోక్ పండుగ నుంచి దానో పండుగ వరకు, అంటే శరదృతువు నుంచి వేసవి మొదలు వరకు, కంచు పాత్రల్లోనూ, మిగిలిన వేడి నెలల్లో పింగాణీలోనూ వడ్డించేవారు. ఈ మార్పును ఇంట్లో పాటించి చూడండి. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే కంచు మీద నీటి మచ్చలు పడవు.

రంగుల విషయంలో కొరియావారికి ఒబాంగ్‌సెక్ అనే ఐదు రంగుల సూత్రం ఉంది: నీలం లేదా ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు. గుడ్డులోని తెల్లసొననూ పచ్చసొననూ విడివిడిగా పలుచని అట్లుగా కాల్చి సన్నగా తరిగి, ఉల్లికాడ, ఎర్రమిర్చి దారాలు, నల్ల పుట్టగొడుగుతో పాటు సూప్ మీద చల్లడం ఈ సూత్రానికి అతి చిన్న రూపం. రోజూ చేయనక్కరలేదు, వారానికి ఒకసారి చేసినా కంటికి అలవాటవుతుంది.

బొమ్మలను చూడడం

వంట కొంత చేతికి వచ్చాక బొమ్మల వైపు వెళ్ళండి. మొదటి బొమ్మగా కిమ్ హోంగ్‌దో గీసిన భోజన దృశ్యాన్ని సూచిస్తాను. 1745లో పుట్టిన ఈ చిత్రకారుడి 25 జనజీవన చిత్రాల సంపుటి రాజధాని సోల్ (సియోల్) నగరంలోని కొరియా జాతీయ మ్యూజియంలో ఉంది. పనివాళ్ళు చొక్కాలు విప్పి పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం తింటుంటారు, ఒక తల్లి బిడ్డకు పాలిస్తుంటుంది, వెనుక కుక్క కాచుకుని కూర్చుంటుంది. నేల, చెట్టు, ఆకాశం ఏదీ లేదు. గిన్నె పరిమాణం, చెంచా పట్టిన చేయి, ముఖాలు ఎటు తిరిగాయో ఒక్కొక్కటిగా చూడండి. మీరు వడ్డించిన అన్నం గిన్నె ఆ గిన్నె ముందు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

తరువాత షిన్ సైమ్‌దాంగ్. 1504లో పుట్టి 1551లో మరణించిన ఆమె గీసినవిగా చెప్పుకునే గడ్డి, పురుగుల బొమ్మల్లో వంకాయలు, పుచ్చకాయలు, వాటి చుట్టూ సీతాకోకచిలుకలు, ఎలుకలు ఉంటాయి. పెరట్లోని కూరగాయను ఇంత శ్రద్ధగా చూసిన ఆ చూపుకు దేశం ఇచ్చిన గౌరవం డబ్బు మీదే కనిపిస్తుంది: 2009లో వచ్చిన 50,000 వోన్ నోటు మీద ఆమె రూపం ఉంది, ‘యీ ఈ’ అనే పేరుగల ఆమె కుమారుడు 5,000 వోన్ నోటు మీద ఉన్నాడు. వంకాయ నముల్ చేసే రోజున, తరగడానికి ముందు, ఒక వంకాయను పెన్సిల్‌తో గీయండి. బాగా రావాలని పట్టుబట్టకండి. తొడిమ దగ్గర ముచ్చిక ఎలా అతుక్కుందో గమనించడమే ఆ గీతకు ప్రయోజనం.

చంద్రుడి జాడీగా పిలిచే దాల్‌హాంగారిని 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో చేశారు. అంత పెద్ద గుండ్రటి పాత్రను సారె మీద ఒక్కసారిగా లేపడం కష్టం కనుక రెండు పెద్ద గిన్నెలు చేసి, ఒకదాని మీద మరొకదాన్ని బోర్లించి అతికారు. అందుకే నడుము దగ్గర అతుకు కనిపిస్తుంది, ఏ వైపు నుంచి చూసినా గుండ్రం కొద్దిగా మారుతుంది. చిత్రకారుడు కిమ్ హ్వాంకీ (1913–1974) వీటిని సేకరించి, 1950లలో పదే పదే చిత్రించాడు. సోల్ వెళ్ళేవారు బువామ్‌దోంగ్‌లో 1992లో తెరిచిన హ్వాంకీ మ్యూజియాన్నీ, జాతీయ మ్యూజియంలోని తెల్లపింగాణీ గదినీ ఒకే రోజు చూడగలిగితే, జాడీనీ జాడీ బొమ్మనూ పక్కపక్కన మనసులో ఉంచుకోవచ్చు. వెళ్ళలేనివారికి మ్యూజియం వెబ్‌సైట్‌లోని ఫొటోలు ఉన్నాయి. ఒక్క జాడీని ఎంచుకుని, అతుకు గీతను మాత్రం వెతకండి.

భోజనం మీద కప్పే గుడ్డ

చేతితో ఏదైనా చేయాలనుకునేవారికి నా సలహా, కుండలు కాదు, జోగక్‌బో. దుస్తులు కుట్టగా మిగిలిన ముక్కలను అతికి చేసే ఈ గుడ్డకు కొలిమి, సారె ఏదీ అవసరం లేదు. వేసవిలో వంటకాలమీద ఈగలు వాలకుండా కప్పడానికి వాడే సాంగ్‌బో కోసం మోసి అనే గాలి ఆడే నార బట్టను ఎంచుకోండి. దక్షిణ చుంగ్‌చోంగ్ ప్రాంతంలోని హాన్సాన్‌లో ఈ నేత ఇంకా సాగుతోంది, 2011లో యునెస్కో జాబితాలో చేరింది.

అరచేయంత ముక్కలు తొమ్మిది తీసుకుని, కొలతలు సమానంగా లేకపోయినా పరవాలేదనుకుని, ముందు బల్ల మీద పరిచి రంగులు సరిచూసుకోండి. తరువాత రెండేసి ముక్కల అంచులను ఒకదానిలో మరొకటి మడిచి, తెగిన పోగు ఎక్కడా బయటికి రాకుండా రెండు వైపులా సన్నని కుట్టు వేయాలి. సామ్‌సోల్ అనే ఈ పద్ధతి వల్ల గుడ్డకు లోపలి వైపు, బయటి వైపు అన్న తేడా ఉండదు, వెలుతురుకు పట్టుకుంటే కుట్టిన గీతలు ముదురుగా, ముక్కలు పలుచగా కనిపిస్తాయి. కప్పిన గుడ్డను వేళ్లకు నూనె అంటకుండా ఎత్తడానికి నడిమధ్య చిన్న గుడ్డ పిడి కుట్టండి. మరక పడితే గోరువెచ్చని నీటిలో వెంటనే ఉతికి, పూర్తిగా ఆరకముందే చేత్తో సాగదీసి మడతపెట్టండి.