గట్టు మీద తుప్పలు కొట్టే ముందు

కాలవ గట్టో, కొబ్బరితోట కంచో శుభ్రం చేయబోతున్నారా? కత్తి నూరుకునే ముందు అక్కడ దురద, మంట పుట్టించే మొక్క ఏదైనా ఉందేమో ఓసారి చూడండి.

• దూలగొండి. మూడేసి ఆకులతో అచ్చం చిక్కుడు తీగలాగే ఉంటుంది, మోసపోయేది అక్కడే. ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. కాయ చూశాక ఇక అనుమానం ఉండదు: వంపు తిరిగి, ఒళ్లంతా గోధుమరంగు నూగు. దురదంతా ఆ నూగులోనే. కాయ ఎండితే నూగు చిన్న గాలికే రాలుతుంది కాబట్టి గాలి వీపుకు తగిలేలా నిలబడి కొట్టాలి. నన్నడిగితే పూత మీద ఉండగానే పీకేయడం మేలు.

• చిన్న దురదగొండి. సన్నటి తీగ, ఆకు అంచున రంపపు పళ్లు. దీనికి ఆకు తగిలినా మంటే. వీడియోల్లో చూపించే నెటిల్ కూడా తాకితే మంట పుట్టించేదే, కానీ అది మన దేశంలో హిమాలయాల వైపు మొక్క, మన గోదావరి డెల్టాలో దానికోసం వెతకొద్దు.

• కోరింగ మడ అడవి వైపు వెళ్తే తిల్ల చెట్టు. కొమ్మ విరిగితే తెల్లటి పాలు కారతాయి. అవి ఒంటికి తగిలితే బొబ్బలు, కంట్లో పడితే కొంతకాలం చూపే పోవచ్చు. పడవ ఆపడానికి దొరికిన కొమ్మనల్లా పట్టుకోకండి.

• నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు. మెడకు చుట్టుకున్న తువ్వాలుతో మాత్రం మొహం తుడుచుకోవద్దు, నూగంతా దానికే ఉంటుంది.

• నూగు అంటుకుంటే గోకొద్దు, రుద్దొద్దు. టేపు అంటించి లాగేసి, తర్వాత సబ్బుతో కడగాలి. బట్టలు విడిగా ఉతకాలి. కంట్లో ఏది పడినా నీళ్లతో బాగా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.