ఊళ్లో ఉచిత ఐటీ రిటర్న్ శిబిరం పెట్టాలనుకునేవాళ్లకు

మొదటి ఏడు శాయంపేట మండలంలో ఒక ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు ఫ్లెక్సీ కట్టాం. ‘ఉచిత పన్ను శిబిరం’ అని దూరం నుంచి కనపడేంత అక్షరాలు. పదింటికల్లా ఐదుగురు వచ్చారు. ముగ్గురు ఇంటి పన్ను మాఫీ అయిందేమో కనుక్కుందామని వచ్చినవాళ్లు. మిగతా ఇద్దరు ముసలివాళ్లు. అందులో ఒకాయన చెంపకు తువ్వాల అదుముకుని చాలాసేపు కూర్చుని, మా ల్యాప్‌టాప్‌లను అనుమానంగా చూసి, ‘‘పన్ను పీకే డాక్టరు ఎప్పుడొస్తడు బిడ్డా?’’ అన్నాడు.

నవ్వుకున్నాం గానీ తప్పు మాదే. ఆ మాట ఫ్లెక్సీ మీద మళ్లీ రాయలేదు. ఇప్పుడు ముందురోజు సాయంత్రం పంచాయతీ మైకులో చెప్పించే మాటలు ఇవి: ‘‘బ్యాంకుల, పీఎఫ్‌ల మీ పైసలు టీడీఎస్ కింద కట్ అయినయా? వాపసు వచ్చేటట్టు కాయిదం ఉట్టిగనే చేసిస్తరు. పాన్ కార్డు, ఆధార్, పాస్‌బుక్, ఆధార్‌కు ఉన్న ఫోన్ తెచ్చుకోండ్రి.’’ ఇంతే. ఈ ఒక్క మార్పుతో జనం వచ్చారు. టీడీఎస్ అంటే వడ్డీ, జీతం, పీఎఫ్ చేతికి రాకముందే పన్ను కింద కోసేది.

నేను 31 ఏళ్లు బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను, ఉండేది హనుమకొండలో. వడ్డీలో కోత ఎందుకు పడిందని అడిగినవాళ్లకు ‘‘అది గవర్నమెంటు రూలమ్మా’’ అని చెప్పి పంపినదాన్నే. ‘నా ఆదాయానికి పన్ను పడదు, కోయొద్దు’ అని రాసిచ్చే 15జీ ఫారాల కట్ట నా డ్రాయర్‌లోనే ఉండేది, అడిగినవాళ్లకే ఇచ్చేదాన్ని. అడగాలని ఊళ్లోవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? రిటైరయ్యాక పరకాల, శాయంపేట, రేగొండ చుట్టుపక్కల నాలుగు సీజన్లుగా ఈ శిబిరాలు పెడుతున్నది చాలావరకు ఆ డ్రాయర్ గుర్తుకొచ్చే.

పట్నంలో రిటర్న్ అంటే పన్ను లెక్క. ఊళ్లో దాదాపు ఎప్పుడూ వాపసు లెక్కే. మా దగ్గరికి వచ్చేది ఎవరంటే, రైతుబీమా కింద వచ్చిన 5 లక్షలు ఫిక్స్‌డ్‌లో వేసుకున్న, చనిపోయిన రైతుల భార్యలు, భూపాలపల్లి గనుల్లో రిటైరై ఊరికొచ్చిన సింగరేణి కార్మికులు, అవుట్‌సోర్సింగ్ జీతగాళ్లు, కొత్తగా ఉద్యోగమొచ్చిన పిల్లలు. మా అక్క ఉండే కోరుట్ల వైపు అయితే బీడీ కార్మికులు. ఐదేళ్ల సర్వీసు నిండకముందే పీఎఫ్ తీస్తే, మొత్తం 50,000 దాటితే 10 శాతం కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఆ కోతను వాళ్లలో చాలామంది ఆఫీసు ఖర్చులనుకుంటారు.

శిబిరానికి రోజు చూసుకోవడం పెద్ద పని. రిటర్న్ వేయడానికి మేలో పెడితే దండగ. జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ లెక్కను బ్యాంకులు మే 31 లోపు ఇస్తాయి, కోసినట్టు ఇచ్చే సర్టిఫికెట్లు, ఫారం 16, 16ఏ, చేతికొచ్చేసరికి జూన్ 15 అవుతుంది. అంతకుముందు, పాన్ మీద కోసిన పన్నంతా చూపించే 26ఏఎస్ తెరిస్తే సగం లెక్కే ఉంటుంది. జూన్ 15 తర్వాతేమో పత్తి గింజలు పెట్టే పని, వెనకే నాట్లు. పొద్దున పూట మనిషి దొరకడు. అందుకే మేం రెండుసార్లు వెళ్తాం. మే నెలలో ఎండకు అందరూ ఇంటిపట్టునే ఉన్నప్పుడు ఒకరోజు కాగితాలు చూడటానికే. జూన్ చివర, జూలైలో సాయంత్రం 5 నుంచి 9 దాకా రిటర్న్ వేయడానికి. గడువు మామూలుగా జూలై 31. 2025లో ఫారాలు ఆలస్యంగా రావడంతో సెప్టెంబర్ 15కు, చివర్లో ఇంకొక్క రోజుకు జరిపారు. ఆ ధీమాతో ఉండొద్దు. చివరి వారంలో పన్ను శాఖ వెబ్‌సైటు మొరాయిస్తుంది, ఊళ్లో సిగ్నల్ దానికి తోడు.

చోటు రైతువేదిక అయితే మేలు. హాలు, ఫ్యాన్లు, కుర్చీలు ఉంటాయి. వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) ముందే అడిగి తాళం సంగతి తేల్చుకోండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లతో హాట్‌స్పాట్, ఒక ప్రింటర్, ఒక ఇన్వర్టర్ ఉంటే చాలు. వలంటీర్లుగా డిగ్రీ ఆఖరి ఏడాది కామర్స్ పిల్లలు నలుగురైదుగురు. వాళ్లకు పుస్తకం పాఠం చెప్పకండి, ఎవరి ఇంట్లోవాళ్ల రిటర్న్ వాళ్ల చేత ముందు వేయించండి. నాన్నకు ఎంత జీతమో తెలిసి ఒకమ్మాయి మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా తిరిగింది, అది వేరే కథ.

మే నెల కాగితాల రోజే అసలు శిబిరమని నా నమ్మకం. ఆ రోజు చూడాల్సింది మూడు: పాన్ ఆధార్‌తో కలిసిందా, ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబర్ ఎవరి దగ్గరుంది, రెండింటి మీదా పేరు ఒక్కటేనా. ఆడవాళ్ల దగ్గర ఈ పేరు తంటా ఎక్కువ. పాన్‌లో తల్లిగారింటి పేరు, ఆధార్‌లో అత్తగారింటి పేరు. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం. పుట్టిన తేదీ కూడా ఒకచోట జనవరి 1, ఇంకోచోట బడి సర్టిఫికెట్‌ది. అట్లా ఉంటే లింకు కాదు. ముందు ఏదో ఒకటి దిద్దించుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ఫోన్ నంబర్ మార్చాలంటే ఆ మనిషే స్వయంగా చేయించుకోవాలి. ఇవన్నీ జూలైలో బయటపడితే చేసేదేం లేదు.

2025 మేలో రేగొండ దగ్గరి ఊరామె ఒకామె వచ్చింది, 58 ఏళ్లుంటాయి. అందరూ పోయేదాకా కూర్చుని, బొడ్ల సంచిలోంచి పాస్‌బుక్ తీసి నా ఒక్కదాని ముందే తెరిచింది. భర్త పోయినప్పుడు వచ్చిన 5 లక్షలకు ఎడ్లు, బండి అమ్మినవి కలిపి 7 లక్షలు డిపాజిట్. ఏడాదికి వడ్డీ 49,000. దాంట్లో 9,800 పోయింది. ‘‘నా పైసలు ఎవరు కోసిన్రు బిడ్డా? అల్లునికైతే ఈ లెక్క తెల్వద్దు’’ అంది. 2024-25లో అరవై దాటనివాళ్లకు వడ్డీ 40,000 దాటితే 10 శాతం కోత, అంటే 4,900 పోవాలి. ఇక్కడ సరిగ్గా రెట్టింపు. ఎందుకంటే ఆధార్‌తో కలపని పాన్ 2023 జూలై నుంచి పనిచేయదు, పనిచేయని పాన్‌కు కోత 20 శాతం. 1,000 ఫీజు కట్టి లింకు చేయించాం. పాన్ మళ్లీ పనిచేసేదాకా, దాదాపు నెల ఆగాం. అది చేయకుండా రిటర్న్ వేస్తే రీఫండ్ ఆగిపోతుంది.

ఆమె ఫారం దగ్గర ఇంకో మెలిక. అంతా ‘ఐటీఆర్-1 వేస్తే సరి’ అంటారు. ఆమెకు రెండెకరాలుంది, కౌలుకిచ్చింది. పంట ఆదాయానికి పన్ను లేకపోయినా, అది ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వేయాలి. కౌలు పైసలూ పంట ఆదాయమే. మా వైపు 5,000 దాటని రైతు ఎవరు? ఐటీఆర్-2 పేరు వినగానే వలంటీర్లు బెదిరిపోతారు గానీ, వడ్డీ, పంట రెండే ఉన్న మనిషికి అందులో నింపాల్సింది రెండు మూడు పేజీలే. ఆ ఒక్క రకం నేర్పితే ఊళ్లో సగం పని తెలిసినట్టే. పంట ఆదాయం దాచి ఐటీఆర్-1లో తోసేయడం సులువే. చేయొద్దు.

2025-26లో వచ్చిన ఆదాయానికి వేసే రిటర్న్‌కు కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, రిబేటుతో, అంటే పన్నులో ఇచ్చే మాఫీతో, 12 లక్షల దాకా కట్టాల్సింది సున్నా, జీతగాళ్లకు 12.75 లక్షలు. టీవీలో ఈ మాట విని ‘ఇంక రిటర్న్ ఎందుకు మేడం’ అనేవాళ్లు ఎక్కువయ్యారు. పన్ను లేకపోవడం వేరు, రిటర్న్ అక్కర్లేకపోవడం వేరు. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. ఇంకో మాట, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ నంబర్లన్నీ వేరు. 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్ మాత్రం పాత చట్టం కిందే. పాత నోట్సు, కొత్త నోట్సు కలిపేయకుండా పిల్లలకు విడిగా ఇవ్వండి.

ఎవరి పని చేయమో ముందే గట్టిగా అనుకోండి. మా తలుపు మీద రాసి ఉంటుంది: దుబాయి, మస్కట్‌లో ఉన్నవాళ్లవి, ప్లాటు అమ్మినవాళ్లవి, ఫోన్‌లో షేర్లు, ఆప్షన్లు ఆడేవాళ్లవి మేం వేయం. ఆ చివరివాళ్లు ఏటా పెరుగుతున్నారు, పాతికేళ్ల పిల్లలు, నష్టం అమ్మానాన్నలకు తెలియదు. వీళ్లందరినీ వరంగల్‌లో మాకు తెలిసిన ఆడిటర్ దగ్గరికి పంపుతాం. గల్ఫ్ వాళ్ల భార్యలు అడిగే ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి పంపండి: భర్త ఇంటికి పంపిన పైసలు ఆమె ఆదాయం కాదు, దానికి పన్ను లేదు.

మా అక్క మనవరాలు అమెరికాలో ‘వీటా’ అనే ఇటువంటి ఉచిత కార్యక్రమంలో వలంటీరు. అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ ఆధ్వర్యంలో నడుస్తుంది, పరీక్ష పాసైతేనే కూర్చోనిస్తారట. ఒకరు నింపిన రిటర్న్‌ను రెండో మనిషి, పన్నుదారు ఎదురుగా, మొదటినుంచి చూస్తేగానీ పంపరు. ఈ రెండో కన్ను పద్ధతి ఆమె చెప్పాకే మేం పెట్టుకున్నాం. చూసేవాళ్లు ముఖ్యంగా చూడాల్సింది రీఫండ్ పడే ఖాతా. అది ఆ మనిషి పేరు మీదే ఉండాలి, సైటులో వ్యాలిడేట్ అయి, అంటే సరిచూసి ఖరారై ఉండాలి. జన్‌ధన్ ఖాతా ఒకటి, సంఘం పొదుపు ఖాతా ఒకటి, పింఛను ఖాతా ఇంకొకటి, ఏది ఏదో వాళ్లకే తెలియదు. పాస్‌బుక్ పట్టుకుని అంకె అంకె చదివించండి.

నమ్మకం విషయం. ల్యాప్‌టాప్ తెర గోడవైపు కాకుండా ఆ మనిషి వైపు ఉండాలి, వెనక ఎవరూ నిలబడకూడదు. ఊళ్లో డిపాజిట్ ఎంతుందో బయటపడితే అప్పు అడిగేవాళ్లు సాయంత్రానికే వస్తారు. ఓటీపీ మనం చదవొద్దు, వాళ్లనే చదివి టైపు చేయమనండి, చదువు రాకపోతే వాళ్ల ఇంటి పిల్లను పిలిపించండి. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని మనమే చెప్పి, మనమే అడిగితే ఎట్లా? పాస్‌వర్డ్ మన పుస్తకంలో రాసుకోవద్దు. చాలామంది ఖాతాలు అదివరకే ఎవరో ఏజెంటు తన ఫోన్ నంబర్‌తో తెరిచి ఉంటాయి. అట్లా దొరికితే ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్పించి, నంబర్ వాళ్లది పెట్టించండి.

ఆ ఏజెంట్ల గురించే. ప్రతి సీజన్‌లో ఒక్కడైనా, ‘ఫలానాయన జీతంలో కోసిందంతా వాపసు తెప్పిస్తడు, ఇరవై శాతం ఆయనకు, మీరెందుకు తేరు?’ అంటాడు. కట్టని ఇంటి కిరాయి, ఇవ్వని పార్టీ చందా చూపించి తెప్పిస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇట్లాంటి వాటి మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. దొంగ లెక్కకు ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా. అది పడేది ఏజెంటుకు కాదు, పాన్ ఎవరిదో వాళ్లకు. కాగితం లేని మినహాయింపు మా టేబుల్ మీద రాయం. అలిగి లేచిపోయినవాళ్లున్నారు. పోనీయండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. రెండో ఏడు ఒక రిటైర్డ్ కార్మికుడి రిటర్న్ జూలై 28 రాత్రి వేశాం. ఆయన ఆధార్ ఫోన్ కొడుకు దగ్గర, కొడుకు దుబాయిలో నైట్ షిఫ్టులో. ‘పొద్దున ఓటీపీ తీసుకుని ఈ-వెరిఫై చేద్దాం’ అనుకున్నాను, మర్చిపోయాను. ఈ-వెరిఫై అంటే ఆ రిటర్న్ తనదేనని ఓటీపీతో ఖరారు చేయడం. 30 రోజుల్లో వెరిఫై చేయని రిటర్న్, ఎప్పుడు వెరిఫై చేస్తే అప్పుడు వేసినట్టే లెక్క. గడువు దాటిపోయి 1,000 ఆలస్య రుసుం పడింది. ఆ వెయ్యి నా జేబులోంచి ఇచ్చాను, ఆయన తీసుకోనన్నా బలవంతంగా. అప్పటినుంచి వెరిఫై కాని రిటర్న్‌లకు గోడ మీద ఎర్ర స్కెచ్‌తో జాబితా. ఓటీపీ అసలు కుదరకపోతే ఐటీఆర్-వి (ITR-V) అనే రసీదు కాగితం ప్రింటు తీసి, నీలం సిరాతో సంతకం పెట్టించి, బెంగళూరులోని పన్ను శాఖ ప్రాసెసింగ్ సెంటర్ సీపీసీకి స్పీడ్‌పోస్ట్ చేస్తాం, రసీదు మా ఫైలులో. గడువు దాటినవాళ్లు వస్తే తిప్పి పంపకండి. డిసెంబర్ 31 దాకా ఆలస్యంగానైనా వేయొచ్చు.

రేగొండ ఆమెకు 9,800, దాని మీద కొంచెం వడ్డీ, ఖాతాలో పడ్డాయి. పాస్‌బుక్‌లో ప్రింటు వేయించుకుని హనుమకొండ దాకా బస్సెక్కి వచ్చి చూపించింది. 2025 ఏప్రిల్ నుంచి కోత మొదలయ్యే వడ్డీ 50,000కు, అరవై దాటినవాళ్లకు లక్షకు పెరిగింది కాబట్టి ఆమె 49,000కు ఇక కోత పడకూడదు. అయినా బ్యాంకువాళ్ల మీద భారం వేయొద్దని, ఏప్రిల్ మొదటి వారంలో పాస్‌బుక్ పట్టుకుని మళ్లీ రమ్మన్నాను. మా క్యాలెండర్‌లో ఆ వారం ఇప్పుడు ‘కోత ఆపే వారం’. ఆదాయం మీద పన్ను పడనివాళ్లు కోతకు ముందే బ్యాంకులో డిక్లరేషన్ ఇస్తే జూలైలో మా దగ్గరికి రానక్కరే లేదు. డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులో విడివిడిగా, ఏటా కొత్తగా. ఇచ్చినట్టు కౌంటర్‌లో ముద్ర వేయించుకుని జిరాక్సు దగ్గర పెట్టుకోమని చెప్పండి. ముద్ర వేయమంటే కౌంటర్ అవతలివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీయండి, నేనూ విసుక్కున్నదాన్నే.