చెట్టెక్కకుండా గూటిపెట్టెలోకి తొంగి చూడటం

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది కరెంటు పని. గోడలోని పైపుల్లో తీగ ఎక్కడ ఇరుక్కుందో చూడటానికి ఎండోస్కోపు కెమెరా కొన్నాను. పెన్సిలంత లావు తల, 5 మీటర్ల కేబులు, రెండో కొస ఫోనుకు. ఇప్పుడది గోడల కంటే మా పెరటి చింతచెట్టు దగ్గరే ఎక్కువ ఉంటోంది. అక్కడ 20 అడుగుల ఎత్తున కట్టిన చెక్కపెట్టెలో పైడికంటి గుడ్లగూబల జంట కాపురం పెట్టింది.

నిచ్చెన అక్కర్లేదు, కెమెరాను కట్టి ఎత్తడానికి మామిడికాయలు కోసే వెదురు దోటి చాలు. రంగులు వేసేవాళ్ల అల్యూమినియం కర్ర తేలికే, కానీ దాంట్లో కరెంటు పారుతుంది కాబట్టి నేను ముట్టను. వెదురైనా బాగా ఎండినదే వాడండి. కొమ్మల పక్కన కరెంటు తీగ ఉంటే ఏ కర్రా ఎత్తకండి.

అసలు చిక్కంతా కెమెరా మెడ దగ్గర. కెమెరా తిన్నగా చూస్తుంది, గుడ్లేమో అడుగున ఉంటాయి. అలాగే దూర్చితే ఎదుటి చెక్క తప్ప ఏమీ కనిపించదు. పాత సర్వీసు వైరులోని అల్యూమినియం కడ్డీ జానెడు ముక్క తీసి, కేబులు కొసకు టేపుతో చుట్టండి. చివరి రెండు వేళ్ల మేర కిందికి వంచండి. వంపు పెట్టె కంతలో పట్టాలి. పైకెత్తే ముందు ఖాళీ డబ్బాతో సరిచూసుకోండి.

కెమెరాతో వచ్చే కొక్కేన్ని ఇంట్లోనే వదిలేయండి. నాది పోయిన ఏడాది గూట్లో ఊడిపోయింది. తల్లి దాన్ని కూడా గుడ్లతోపాటే పొదిగింది! పిల్లలు ఎగిరిపోయాక గానీ తీయలేదు.

కెమెరా దీపం వెలుగు మార్చే చక్రాన్ని పూర్తిగా తగ్గించి, అవసరమైనంతే పెంచండి. వెలుగెక్కువైతే తెల్లటి గుడ్ల మీద పడి తెరంతా తెల్లబడుతుంది. సందె చీకట్లో తల్లి వేటకు వెళ్లాకే చూడాలి. లోపల కళ్లు మెరిస్తే వెంటనే దించేయండి. గుడ్లు పెడుతున్న రోజుల్లో, పిల్లలు ఎగరబోయే ముందు అసలే వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను కదిలించడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుంది.

దోటి పట్టడానికి ఒకరు, ఫోను చూడటానికి ఒకరు ఉండాలి. నాకు తోడు పక్కింటి ఒడియా కుర్రాడు. మొన్న ఫోనులోకి చూస్తూ "తిని, తిని!" అని అరిచాడు. వాళ్ల భాషలో మూడు అని. వంటింట్లోంచి మా అమ్మ కంగారుగా బయటికొచ్చింది: "ఏమిటి తిన్నాడు?"